గాజు గాలపు కర్ర వయసెంత?

కాలవగట్ల మీద పెరిగిన వాళ్ళకు గాలం వేయడం గురించి నేను చెప్పనక్కరలేదు. సన్నపాటి వెదురు కర్ర, దారం, బెండు, కొక్కెం, దానికి గుచ్చిన ఎర్ర. అంతే సరంజామా. కర్ర విరిగితే పొదలోంచి ఇంకోటి నరుక్కుంటాం. విరిగిన కర్ర వయసెంత అని ఎవరూ అడగరు.

కాని కిందటి సంక్రాంతి సెలవుల్లో నా చేతికి వచ్చిన గాలపు కర్ర అలాంటిది కాదు. మా బడిలో చదువుకుని ఇప్పుడు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న ఒక అబ్బాయి దాన్ని అక్కడ పాత సామాన్ల అమ్మకంలో కొన్నాడట. "మాస్టారూ, ఇది గాజుతో చేసిందంటున్నారు. ఎప్పటిదో కనిపెట్టగలరా?" అంటూ మా ప్రయోగశాల బల్ల మీద పెట్టాడు. తెల్లని కర్ర. రెండు ముక్కలు. కలిపితే ఎనిమిదిన్నర అడుగులు. అడుగున కార్కు పిడి, దాని కింద ఒక రీలు. పిడికి కాస్త పైన చేతిరాతలాంటి సన్నని అక్షరాలు.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్పేస్తాను. కర్ర బాగా మురికిపట్టి ఉంది. అలమరలోంచి స్పిరిట్ తీసి, దూదితో తుడవడం మొదలుపెట్టాను. అక్షరాల మీది వార్నిష్ ఎప్పుడో పొట్టు లేచిపోయిందని చూసుకోలేదు. మూడో తుడుపుకి దూది నల్లబడింది. చూస్తే అక్షరాలు లేవు! "అది చదివి రాసుకున్నారా మాస్టారూ?" అని అబ్బాయి అడిగాడు. రాసుకోలేదు. ఏళ్ళ తరబడి పిల్లలకు "ముందు పరిశీలన, తరవాతే ప్రయోగం" అని చెప్పిన నోరు నాది. ఆ అక్షరాల విలువేమిటో మీకు తరవాత తెలుస్తుంది.

ఇంతకీ పెళుసుకు మారుపేరైన గాజుతో గాలపు కర్ర ఏమిటి? అక్కడి నుంచి మొదలుపెడదాం.

కిటికీ అద్దం రాయి తగిలితే పగులుతుంది. దానికి కారణం గాజు బలహీనత కాదు, గాజు మీద ఉండే గీతలు. కంటికి కనబడని సన్నని పగుళ్ళు అద్దం నిండా ఉంటాయి. బలం ప్రయోగించినప్పుడు ప్రతిబలమంతా ఆ పగులు మొన దగ్గర పోగుపడి దాన్ని చీల్చుకుంటూ పోతుంది. ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో విమాన పరిశోధన చేస్తున్న గ్రిఫిత్ అనే ఇంజనీరు ఈ సంగతి 1921లో ప్రచురించాడు. ఆయన గాజును కాచి సన్నని పోగులుగా లాగి, ఒక్కొక్క దాన్నీ తెంపి చూశాడు. పోగు సన్నబడిన కొద్దీ బలం పెరుగుతూ వచ్చింది. అతి సన్నని పోగులు మామూలు గాజుకంటే దాదాపు ఇరవై రెట్లు బలంగా ఉన్నాయి! పోగు మరీ సన్ననిదైతే పెద్ద పగులు ఉండడానికి అందులో చోటే లేదు కదా.

అయితే వట్టి పోగులు దారంలా వేలాడతాయి కాని కర్రలా నిలబడవు. వాటిని పట్టి ఉంచడానికి ఒక జిగురు కావాలి. మట్టిగోడలో గడ్డి కలుపుతారు, సిమెంటు దూలంలో ఇనుప చువ్వలు పెడతారు. అలాగే గాజు పోగులను రెజిన్ అనే జిగురులో తడిపి, వేడిచేసి గట్టిపరిస్తే వచ్చేదే ఫైబర్‌గ్లాసు. లాగుడును గాజు భరిస్తుంది. పోగులు పక్కకు జారకుండా రెజిన్ ఆపుతుంది. ఉక్కు యంగ్ గుణకంలో గాజు పోగు గుణకం మూడోవంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. అంటే గాజు పోగు సులువుగా సాగుతుంది. తెగేలోపు తన పొడవులో నూటికి నాలుగు వంతులు దాకా సాగి, వదలగానే మళ్ళీ యథాస్థితికి వస్తుంది. వంగి, శక్తి దాచుకుని, తిరిగి విసరాల్సిన గాలపు కర్రకు ఇంతకంటే ఏం కావాలి?

ఈ ఆలోచన గాలపు కర్రకు ఎలా వచ్చిందో వినండి. రెండో ప్రపంచయుద్ధం నాటికి అమెరికాలో మంచి గాలపు కర్రలన్నీ చైనా వెదురుతో చేసేవారు. వెదురును నిలువునా చీల్చి, ముక్కోణపు బద్దలుగా చెక్కి, ఆరేసి బద్దలను అంటించేవారు. అందుకే వాటిని అడ్డంగా కోస్తే ఆరు పలకలు కనబడతాయి. ఒహాయో రాష్ట్రంలో ఆర్థర్ హవాల్డ్ అనే రసాయనవేత్త ఉండేవాడు. ప్లాస్టిక్ జిగుర్లు తయారుచేసే సంస్థలో పని. 1944లో చేపలు పట్టడానికి వెళ్ళినప్పుడు ఆయన వెదురు కర్ర కొస విరిగింది. యుద్ధకాలం. కొత్త కొస దొరకదు. మరి తాను రోజూ పనిచేసేది గాజు పోగులు, రెజిన్లతోనే కదా! వాటితోనే ఒక కొస చేసుకున్నాడు. అది వెదురుకు దీటుగా పనిచేసింది. యుద్ధం ముగిశాక మిషిగన్‌లోని కాలమజూ పట్టణంలో ఉన్న షేక్‌స్పియర్ కంపెనీ హవాల్డ్ పద్ధతిని తీసుకుని 1940ల చివర్లో 'వండర్‌రాడ్' అనే తెల్లని గాజు కర్రను అమ్మకానికి పెట్టింది. (ఈ షేక్‌స్పియర్‌కూ ఆంగ్ల నాటక కవికీ సంబంధం లేదు. అది కంపెనీ స్థాపకుడి ఇంటిపేరు.) 1950 చివర్లో అమెరికా ప్రభుత్వం చైనాతో వ్యాపారం ఆపేయడంతో వెదురు రావడం నిలిచిపోయింది. అది 1971 దాకా తిరిగి మొదలవలేదు. ఆ ఇరవై ఏళ్ళూ గాజు కర్రలదే రాజ్యం.

ఇప్పుడు మన కర్రను చేతిలోకి తీసుకుందాం. ముందు, ఇది గాజేనా?

ఆరు పలకలుంటే వెదురు. గుండ్రంగా ఉండి, పట్టుకుంటే ఈకలా తేలికగా, పొడవుకు తగ్గ లావు లేకుండా సన్నగా ఉంటే కార్బన్ పోగుల కర్ర కావచ్చు. కార్బన్ కర్రలు అంగట్లోకి వచ్చింది 1973-74లో. అమెరికాలో ఫెన్విక్ అనే కంపెనీ వాటిని ముందుగా తెచ్చింది. కార్బన్ పోగు యంగ్ గుణకం గాజుకు మూడింతలు, సాంద్రతేమో తక్కువ. అందుకే అది వచ్చాక గాజు వెనకబడింది. (కార్బన్ విద్యుద్వాహకం. ఏ గాలపు కర్రనైనా సరే కరెంటు తీగల దరిదాపుల్లో ఎత్తకండి. కార్బన్ కర్రనైతే మరీను.) గాజు కర్ర వీటి మధ్యస్థంగా ఉంటుంది. గుండ్రంగా, కాస్త బొద్దుగా, ఊపితే నెమ్మదిగా ఊగుతుంది. రంగును మాత్రం నమ్మకండి. తెలుపు, తేనె రంగు, ముదురు గోధుమ, నలుపు, అన్నిట్లోనూ గాజు కర్రలు వచ్చాయి. రంగు పొర ఎక్కడైనా లేచి ఉంటే అక్కడ భూతద్దంతో చూడండి. పొడవునా నడిచే వెంట్రుకల్లాంటి గీతలో, గోనెసంచి నేతలాంటి గళ్ళో కనిపిస్తాయి. అవే గాజు పోగులు.

పొడవు గీతలా, గళ్ళా అన్నది కూడా ఒక ఆధారమే. హవాల్డ్ పద్ధతిలో లోపల పోగులు మెలిచుట్టుగా ఉంటాయి, వాటి పైన పోగులు పొడవునా సాగుతాయి. వండర్‌రాడ్ మీద వెలుతురు ఏటవాలుగా పడితే సన్నని మెలిచుట్టు గుర్తు కనిపించేది ఇందుకే. అదే కాలంలో కాలిఫోర్నియాలో గ్లెన్ హావెన్స్ అనే ఆయన ఇంకో దారి తొక్కాడు. గాజుగుడ్డను రెజిన్‌లో తడిపి, కోసుగా కత్తిరించి, ఒక చివరకు సన్నబడే ఉక్కు కమ్మీకి చాపలా చుట్టి, పైన పలచని టేపు బిగించి పొయ్యిలో కాల్చడం. తరవాత కమ్మీ లాగేస్తే బోలు గొట్టం మిగులుతుంది. ఇలాంటి వాటిలో నేత గళ్ళుంటాయి. చవక రకాల్లో అసలు బోలే ఉండదు, నిండు కడ్డీ. ముక్క చివర చూస్తే తెలిసిపోతుంది. చూడలేకపోతే బరువు చెబుతుంది.

బోలుగా చేస్తే బలం తగ్గదా అంటారా? ఒక నోటుపుస్తకం కాగితం తీసి చివర పట్టుకోండి, వాలిపోతుంది. అదే కాగితాన్ని గొట్టంలా చుట్టి పట్టుకోండి, నిలబడుతుంది. కాగితం పెరగలేదు, మధ్య నుంచి దూరం జరిగింది. వంగేటప్పుడు పైభాగం సాగుతుంది, కిందిభాగం నొక్కుకుంటుంది. నడుమ ఉన్న పదార్థానికి పని తక్కువ, బరువు మాత్రం మామూలే. ఆముదపు కాడ, వెదురు, పక్షి ఎముక, అన్నీ ఈ కిటుకు తెలిసినవే.

మన కర్ర తెల్లగా ఉంది. ఏటవాలు వెలుగులో మెలిచుట్టు గుర్తు ఉంది. పిడి దగ్గర సగం చెరిగిన ముద్రలో కంపెనీ పేరు, 'కాలమజూ' అన్న ఊరిపేరు నేను తుడవకముందే అబ్బాయి చదివాడు. కాబట్టి రకం తెలిసింది. ఇక వయసు.

ఇక్కడ ఒక నియమం గుర్తుపెట్టుకోండి. పాత వస్తువులో ఎన్నో భాగాలుంటాయి. అందులో అన్నిటికంటే పాత భాగాన్ని బట్టి వయసు కట్టకూడదు. మొదటినుంచీ ఉన్న భాగాల్లో అన్నిటికంటే కొత్తది ఏదో చూడాలి. వస్తువు దానికంటే ముందుది కాలేదు. మీ తాతగారి చేతిగడియారానికి నిన్న కొత్త బెల్టు వేయిస్తే గడియారం నిన్నటిది కాదు, నిజమే. అందుకే 'మొదటినుంచీ ఉన్న' అన్న మాట ముఖ్యం.

మొదటి సాక్షి: రెండు ముక్కలూ కలిసే చోటు. పాత గాజు కర్రల్లో అక్కడ లోహపు తొడుగులుండేవి, ఒకటి ఇంకోదానిలో దూరుతుంది. మంచి కర్రలకు వాడింది నికెల్ సిల్వర్. మన ఇళ్ళల్లో జర్మన్ సిల్వర్ అంటామే, అదే. పేరే కాని అందులో వెండి లేదు, రాగి, నికెల్, జింకు. లోహపు తొడుగు బరువు, పైగా అది ఉన్నచోట కర్ర వంగదు. 1960ల మొదట్లో ఫెన్విక్ కంపెనీలో జిమ్ గ్రీన్ గాజులోకి గాజే దూరే అతుకును రూపొందించాడు. క్రమంగా అందరూ అదే బాట పట్టారు. కాబట్టి గాజు అతుకు ఉంటే ఆ కర్ర 1960లది లేదా ఆ తరవాతిది. లోహపు అతుకు ఉంటే మాత్రం పాతదని ఖాయంగా చెప్పలేం, చవక కర్రలకు ఆ తరవాత కూడా లోహమే వేశారు. మన కర్రకు లోహమే.

రెండో సాక్షి: చిరునామా. అమెరికాలో ఐదంకెల జిప్ కోడ్ 1963 జులైలో వచ్చింది. మన పిన్‌కోడ్ లాంటిదే. కర్ర పెట్టుకునే అట్ట గొట్టం మీద కంపెనీ చిరునామాలో ఆ అంకెలుంటే అది 1963కు ముందుది కాదు. మన గొట్టం మీద అంకెలు లేవు. కాని, లేకపోవడం ఉండడమంత గట్టి సాక్ష్యం కాదు. పాత చీటీలు అయిపోయేదాకా అంటించి ఉండవచ్చు కదా! ఇక షేక్‌స్పియర్ కంపెనీ 1970 ప్రాంతంలో కాలమజూ వదిలి దక్షిణ కరొలైనా రాష్ట్రానికి తరలిపోయింది. కాబట్టి పై హద్దు ఒకటి దొరికింది.

మూడో సాక్షి దొంగసాక్షి. దారం దూరే రింగుల్లో ఒకదాని లోపల బూడిదరంగు పింగాణీ వలయం ఉంది. పింగాణీ రింగులు 1970లలో వాడకంలోకి వచ్చాయి. అయితే కర్ర 1970లదా? ఆ ఒక్క రింగునూ కట్టిన దారం ముదురు ఎరుపు, మిగతావాటి దారం వెలిసిన ఎరుపు. పైన పూత కూడా గాజులా మందంగా ఉంది, అది ఎపాక్సీ. మిగతావాటి మీద పలచని పాత వార్నిష్. అంటే ఎవరో తరవాత మార్చారు. గడియారం బెల్టు సంగతే.

నాలుగోది రీలు. షేక్‌స్పియర్ రీళ్ళ మీద ఆ నమూనా సంవత్సరాన్ని రెండక్షరాల్లో దాచేవారు. ఆంగ్ల అక్షరమాలలో 'కె' నుంచి వెనక్కి నడవండి. కె అంటే 1, జె 2, హెచ్ 3, జి 4, ఎఫ్ 5, ఇ 6, డి 7, సి 8, బి 9, ఎ సున్న. 'ఐ' అంకెలా కనబడుతుంది కనుక దాన్ని వదిలేశారు. మన రీలు మీద 'ఎఫ్, ఇ' ఉంది. చెప్పండి చూద్దాం? అవును, 1956. కాని రీలు విడిగా కొనే వస్తువు. కర్రతోపాటే పుట్టిందనడానికి ఆధారం లేదు.

అయిదో సాక్షి, అన్నిటికంటే మంచి సాక్షి, నేను తుడిచేసింది.

అక్కడ ట్రౌట్ అనే చేప పట్టేవాళ్ళు వానపామును గుచ్చరు. ఈకలు, దారాలతో ఈగలా కట్టిన కొక్కెం వాడతారు. దానికి బరువే ఉండదు. బరువు లేనిదాన్ని ఎలా విసురుతారు? దాన్ని కాదు, లావుపాటి తాడును విసురుతారు, ఈగ దాని వెంట పోతుంది. అందుచేత తాడు బరువు, కర్ర వంపు సరిపోవాలి. ఆ తాడు కొలత కర్ర మీదే రాసేవారు. పూర్వం తాళ్ళు పట్టువి, కొలత మందంలో. 'ఎ' అంటే అంగుళంలో వెయ్యింట 60 వంతులు, ఆ తరవాత అక్షరానికి 5 వంతుల చొప్పున తగ్గుతుంది. 'హెచ్, డి, హెచ్' అంటే రెండు చివర్లూ 25, నడుమ 45. అన్నీ పట్టే అయినంతకాలం మందం చెబితే బరువు చెప్పినట్టే. కాని నైలాన్, డేక్రాన్ తాళ్ళు వచ్చాయి. ఒకే మందం, వేరు వేరు సాంద్రత, వేరు వేరు బరువు! అక్షరాలు అబద్ధాలాడడం మొదలుపెట్టాయి. ఆ గందరగోళం తీర్చడానికి 1961లో అమెరికా గాలపు సామాన్ల తయారీదారుల సంఘం అక్షరాలు తీసేసి, తాడు మొదటి 30 అడుగుల బరువును బట్టి అంకెలు పెట్టింది. 6వ నంబరు అంటే 160 గ్రెయిన్లు, మన లెక్కలో 10 గ్రాముల పైచిలుకు.

అర్థమైందా? కర్ర మీద అక్షరాలే ఉంటే అది 1960ల మొదటికి లోపుది. అంకెలుంటే తరవాతిది. రెండూ ఉంటే మార్పు జరుగుతున్న రోజులది. మన కర్ర మీద ఉన్నది అక్షరాలా, అంకెలా? అబ్బాయికి "ఏవో అక్షరాల్లా ఉన్నాయి" అనే గుర్తు.

వారం రోజులు ఆ చోటు వంకే చూశాను. చివరికి రాత్రిపూట దీపాలార్పి, టార్చిని కర్రకు దాదాపు ఆనించి వెలుగు పక్కనుంచి పడేలా పట్టాను. సిరా పోయింది కాని సిరా కింద వార్నిష్ అంత త్వరగా అరగలేదు. అక్షరాల నీడ లేచింది. 'హెచ్', తరవాత గుండ్రంగా ఒకటి, మళ్ళీ 'హెచ్'. అంకె ఎక్కడా లేదు. కాబట్టి వండర్‌రాడ్ పుట్టిన 1940ల చివరకూ, 1960ల మొదటికీ నడుమ. రీలు చెబుతున్న 1956 ఆ హద్దుల్లోనే ఉంది, అయినా నేను 1956 అని రాయలేదు. ఆ హద్దులే రాశాను.

ఇక దీన్ని కాపాడడం. మొదటి పని ఏమిటో నా అనుభవం చూసి మీకు తెలిసే ఉంటుంది. తుడిచే ముందు ప్రతి అక్షరం, ప్రతి దారం రంగు పుస్తకంలో ఎక్కించండి, ఫోటో తీయండి. తరవాత గోరువెచ్చని నీళ్ళు, నాలుగు చుక్కల సబ్బు, మెత్తని గుడ్డ. అంతకు మించి ఏదీ వద్దు. స్పిరిట్, థిన్నర్ దగ్గరికి రానీయకండి. లోహపు తొడుగును చింతపండు పెట్టి తోమాలనిపిస్తుంది, తోమకండి. తోమిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది. ఆ తొడుగులు గాలి చొరనంత బిగువుగా ఒరుసుకునేలా చేసినవి, కొంచెం అరిగినా వదులైపోతాయి. నూనె కూడా వద్దు, దుమ్ము పట్టి ఇసుక కాగితమవుతుంది. గాజు అతుకైతే కొవ్వొత్తి మైనం ఒకసారి రాస్తే చాలు.

అతుకు బిగుసుకుపోతే మెలితిప్పకండి, కాల్చకండి. వేడికి లోపలి జిగురు వదులుతుంది, రెజిన్ మాడుతుంది. లోపలికి దూరిన ముక్క బయటికి కనిపించే అంచుకు మాత్రమే రెండు నిమిషాలు ఐసు ఆనించండి. అది బయటి తొడుగుకంటే ముందు చల్లబడి సంకోచిస్తుంది. అప్పుడు ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తిన్నగా లాగాలి. మా అతుకు మూడో ప్రయత్నానికి 'టప్' మని ఊడింది.

గాజు కర్రకు అసలు శత్రువు ఎండ. అతినీలలోహిత కిరణాలు పై రెజిన్‌ను పొడిచేస్తాయి. పోగులు బయటపడి చేతికి నూగులా గుచ్చుకుంటాయి. ఎక్కడ లేచాయో తెలియాలంటే దూదిని కర్ర పొడవునా మెల్లిగా నడపండి, చిక్కుకున్న చోట ఆగి చూడండి. ఇసుక కాగితంతో మాత్రం రుద్దకండి. ఆ గాజు దుమ్ము ఒంటికి దురద, ఊపిరితిత్తులకు హాని. తెలిసిన పెద్దలు ఒక పలచని పూత వార్నిష్ వేస్తే చాలు. అడ్డంగా గీత ఉంటే ఇంకా జాగ్రత్త. అద్దాలవాడు గీత గీసి గాజు ఎలా విరుస్తాడో చూశారుగా, గ్రిఫిత్ చెప్పింది అదే. దూదితోనే రింగుల లోపల కూడా చూడండి. తాడు ఒరిసి గాడి పడ్డ రింగు కొత్త తాడును కోసేస్తుంది.

కర్రను మూలకు చేరగిలేయకండి. ప్లాస్టిక్ దండెం ఏళ్ళ తరబడి బరువు మోసి సాగినట్టు, వెదురంత త్వరగా కాకపోయినా, రెజిన్ కూడా మెల్లిగా ఆ వంపుకు అలవాటు పడుతుంది. నిలువుగా వేలాడదీయండి, లేదా పొడవునా పడుకోబెట్టండి. తడిమీద గొట్టంలో పెట్టి మూస్తే కార్కు బూజు పడుతుంది. కార్కు కూడా చెట్టు బెరడే కదా.

మా కర్ర ఇప్పుడు ప్రయోగశాలలో ఎండ తగలని ఉత్తరపు గోడకు వేలాడుతోంది. ఒక్క సంగతి తేలలేదు. ఆ నడిమి గుండ్రని అక్షరం 'డి'నా, 'సి'నా? 'డి' అయితే ఈనాటి 6వ నంబరు తాడు సరిపోవాలి, 'సి' అయితే 7. టార్చి వెలుగులో ఎడమవైపు వంపు కనిపిస్తోంది, కుడివైపు నా దూది బాగా తగిలిన చోటు. పదో తరగతి పిల్లలు కొసకు తూకపురాళ్ళు వేలాడదీసి, ఎంతకెంత వంగుతోందో గ్రాఫు గీశారు. గీత చక్కగానే వచ్చింది, కాని పోల్చడానికి ఇంకో కర్ర లేదు. సంగతి రాస్తే అబ్బాయి జవాబిచ్చాడు, వచ్చే సెలవులకు రెండు తాళ్ళూ తెస్తాడట. బడి మైదానంలో విసిరి చూస్తాం.